జ్వరమొచ్చే సూది

అత్తగారు పాప పొత్తిగుడ్డలు మడతపెడుతోంది. మడతకో మాట విసురుతోంది.

"అద్దాల ఆసుపత్రి ఉంది. అందులో చేపల తొట్టి ఉంది. ఎక్కి ఊగడానికి చెక్క ఏనుగు ఉంది. చల్లటి గది ఉంది. అన్నీ ఉన్నాయి. మన పాపకి మాత్రం సర్కారు రేకుల షెడ్డు రాసిపెట్టి ఉంది!"

కోడలు పాపకి చొక్కా తొడుగుతోంది. "టీకాకి చేపలెందుకు అత్తయ్యా?"

"అక్కడ వేసే సూదికి నొప్పి ఉండదు. జ్వరం రాదు. పెద్ద పెద్ద దేశాల్లో పిల్లలకి అదే వేస్తారట. నువ్వు తీసుకెళ్ళే చోట వేసేది బీద దేశాల మందు. ఊరికే ఇచ్చేది ఎవరైనా మంచిది ఇస్తారా?"

"రెండూ మంచివే. రెండూ పనిచేస్తాయి. కాకపోతే కోరింత దగ్గు మీద ఈ జ్వరమొచ్చేదే ఎక్కువ కాలం నిలబడుతుంది. ఒక్క రోజు ఏడిస్తే ఏడుస్తుంది. నా బిడ్డకి ఆ దగ్గు రాకూడదు, అంతే."

"అబ్బో! మరి ఆ అద్దాల ఆసుపత్రి డాక్టరమ్మ నొప్పి లేని సూదే వేస్తోందిగా. అంత చదువుకున్న మనిషికి తెలియదంటావా?"

కోడలు పాప చొక్కాకి గుండీలు పెట్టింది. అత్తగారు ఎవరినీ ఎదురుగా ఏమీ అనదు. మాటని ఊరంతా తిప్పి తీసుకొచ్చి వదులుతుంది. దానికి జవాబు చెప్పబోయి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

"సరే, వెళ్ళు. ఎవరి కంటా పడకు. తెలిసినవాళ్ళు చూస్తే తలెత్తుకోలేం."

కోడలు మాస్కు పెట్టుకుంది. కారు రెండు వీధుల అవతలే ఆపి, పాపని భుజాన వేసుకుని నడిచింది.

రేకుల షెడ్డు కింద బల్లల నిండా తల్లులు, తల్లుల ఒళ్ళో పిల్లలు. పైన ఒక్కటే ఫ్యాను. తిరగాలా వద్దా అని ఆలోచించుకుంటూ తిరుగుతోంది.

పక్కన కూర్చున్న అమ్మాయి బట్టలు ఇస్త్రీ చేస్తుంది కాబోలు, ముంజేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలున్నాయి. ఒళ్ళో పిల్లాడున్నాడు. ఆమె ముందు కోడలి చెప్పులు చూసింది. తర్వాత వాచీ చూసింది. ఇక ఆగలేకపోయింది.

"దారి తప్పి వచ్చారా అక్కా?"

"లేదమ్మా. టీకాకే వచ్చాను."

"మీకేం తక్కువ, అద్దాల ఆసుపత్రికి వెళ్ళొచ్చుగా. నేనైతే ఈసారికి ఇంతే గానీ, వచ్చేసారి అప్పు చేసైనా అక్కడికే. ఇది వేయించిన రోజు వీడు కన్ను మూయనివ్వడు. మర్నాడు నాకు పని ఉండదు, పని లేకపోతే కూలి ఉండదు."

"అప్పు చెయ్యొద్దమ్మా. ఇదే మంచిది."

అమ్మాయి పకపకా నవ్వింది. "ఉన్నవాళ్ళు మాకు చెప్పే మాటే ఇది. మా పిల్లలకి ఇది మంచిది, మీ పిల్లలకి అది మంచిది."

"మరి నా బిడ్డనీ ఇక్కడికే తెచ్చానుగా?"

అమ్మాయి నవ్వు ఆపేసింది. ఆమె ముఖంలోకి నెమ్మదిగా జాలి వచ్చి చేరింది. దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"బావగారికి ఉద్యోగం పోయిందా అక్కా?"

కోడలు అటూ ఇటూ కాకుండా తలూపింది. అంతే, అమ్మాయి లేచి ఫ్యాను కింద తన చోటిచ్చేసింది. వద్దంటున్నా వినకుండా తన వంతు కూడా ఇచ్చేసింది. "మీకసలే మనసు బాగుండదు, ముందు మీరు వెళ్ళండి" అంది.

నర్సు పాప తొడ తుడుస్తూ తల పైకెత్తింది. మాస్కు పైన ఉన్న కళ్ళకేసి చూసింది. మళ్ళీ చూసింది. నవ్వు బిగబట్టుకుంది.

"కాలు కదలకుండా పట్టుకోండి."

పాప ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది.

మధ్యాహ్నానికి ఒళ్ళు వెచ్చబడింది. కోడలు మందు చుక్కలు వేసింది. అత్తగారు పాపని ఒళ్ళో వేసుకుని "మీ అమ్మకి జాలి లేదే తల్లీ" అని రాగం తీస్తూ జోకొట్టింది. ఆ మాట వినీ విననట్టు కోడలు వంటింట్లోకి వెళ్ళి, అక్కడ ఏ పనీ లేక, కళ్ళు తుడుచుకుని తిరిగి వచ్చింది.

సాయంత్రానికి జ్వరం తగ్గుముఖం పట్టింది. పాప నిద్రపోయింది. కోడలు తల దువ్వుకుంటోంది. అత్తగారు పాప నుదురు తాకి చూసింది. మనసు కుదుటపడింది. దాంతోపాటు నోరూ లేచింది.

"పోనీ, నీ మాటే నిజమనుకుందాం. ఇదే ఎక్కువ కాలం నిలబడుతుందనుకుందాం. మరి ఆ డాక్టరమ్మ ఈ ముక్క తన దగ్గరికి వచ్చేవాళ్ళకి ఎందుకు చెప్పదూ? చెబితే మర్నాటి నుంచి కూర్చుని ఈగలు తోలుకోవాలనా?"

కోడలి చేతిలో దువ్వెన ఆగింది.

నిద్రపోతున్న పాప అరికాలిని ముద్దుపెట్టుకుని, తెల్లకోటు చేతిమీద వేసుకుని, నొప్పి లేని సూది కోసం అద్దాల ఆసుపత్రిలో తన గది ముందు కూర్చున్న తల్లుల దగ్గరికి డాక్టరమ్మ బయల్దేరింది.