ఈ మగ్గం ఎవరిది?

ఎమ్మిగనూరులో దుప్పట్ల కంపెనీ మూతపడి మూడేళ్లయ్యాక, ఆదోని బస్సు దిగిన నల్లకోటు పెద్దమనిషి ఒకాయన షెడ్డు తాళం తీయించాడు.

పేరు శ్రీపాదరావు. తగాదాలో ఉన్న ఆస్తిని చేతిలోకి తీసుకోవడానికి కోర్టు వేసిన రిసీవరునని చెప్పాడు.

ఆ మాట వినగానే నేతవాళ్లు భగ్గుమన్నారు. అంతకుముందు ఏడాది ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లుకూ ఇలాగే రిసీవరు వచ్చాడు. ఆరు నెలలు తిరగకుండా మిల్లు వేలమైపోయి కూలీలు వీధిన పడ్డారు.

షెడ్డులో ఉన్నవి పదకొండు మగ్గాలు. కంపెనీ పెట్టిన రోజున ఎవరి మగ్గం వాళ్లు ఇంటినుంచి బండిమీద తెచ్చుకున్నవే. కంపెనీ ఇచ్చింది నూలు, నెత్తిమీద రేకులు. మూసేటప్పుడు మాత్రం మగ్గాలూ మావేనని తాళం వేసుకుంది. పట్టపగలు దొంగతనమంటే ఇదే. మూడేళ్లుగా ఆ నేసే చేతులన్నీ శనగ చేలలో కూలికి పోతున్నాయి.

రిసీవరు వచ్చే ముందురోజే మేనేజరు భీమరావు ఇంటింటికీ తిరిగి ఒక మాట చెవిలో వేశాడు. మగ్గం నాదని ఎవరు పేరు చెబితే కంపెనీ బాకీలు వాళ్ల నెత్తికే చుట్టుకుంటాయట.

శ్రీపాదరావు సంచిలోంచి కాగితం తీసి చదవబోయాడు. మీ కాగితాలు చాలా చూశామని అందరూ గోల చేసి నోరెత్తనివ్వలేదు. చివరికి ఆయన కాగితం మడిచి, ఒక్కో మగ్గం దగ్గర నిలబడి అడిగాడు.

"ఈ మగ్గం ఎవరిది?"

"కంపెనీది సార్," అన్నాడు మొదటి మగ్గం దగ్గరున్న బజారి. అది అతని తాత కూర్చుని నేసిన మగ్గం.

పక్కవాడూ అదే అన్నాడు. ఆ పక్కవాడూ అంతే.

"బాగా ఆలోచించుకోండి. మీరు చెప్పిందే నేను రాయాలి."

మిగతావాళ్లూ కంపెనీదేనన్నారు. చివరి మగ్గం రామమ్మది. భీమరావు మాట ఆమె చెవినా పడింది. కానీ కోపం ముందు భయం నిలవలేదు.

"నాదప్పా. మా నాయన వేపకట్టెతో సేయించి ఇచ్చినాడు. దీన్ని వేలమేస్తే నీ సేతులు పడిపోతాయి. రామమ్మ తిట్టిందని కూడా రాసుకో."

ఆయన తలవంచుకుని రాసుకున్నాడు.

మూడు రోజులు వరసగా వచ్చాడు. ఎవరూ చెంబెడు నీళ్లివ్వలేదు, హోటలు వాడు టీ పోయలేదు. మూడోరోజు ఎవరో కోటుమీద పేడ కొట్టారు. అది తుడుచుకుని మళ్లీ పది మగ్గాల దగ్గరా అదే ప్రశ్న అడిగాడు. అదే జవాబు వచ్చింది.

రెండు నెలలకు పది మగ్గాలు వేలంలో పోయి లారీ ఎక్కాయి. పదకొండోది ఎద్దులబండిమీద రామమ్మ ఇంటికి వచ్చింది, వెంట కోర్టు అమీను.

బజారి బండికి అడ్డం నిలబడ్డాడు.

"మావి వేలమేసి దీనిది ఇంటికి తెస్తారా? ఇదేం న్యాయమప్పా?"

"నాదని సెప్పింది ఆయమ్మ ఒకతే కదా," అన్నాడు అమీను. "మీ పదిమందీ కంపెనీదే అంటిరి. కంపెనీ సొత్తు అప్పులోళ్లకు పోకుండా యాడికి పోతాది? ఆ రిసీవరు కోర్టు తీర్పు సదువుతానంటే వినకపోతిరి."

ఆ కాగితం ఇప్పుడు అమీను చదివాడు. షెడ్డుకు తాళం పడ్డ ఏడాది నేతవాళ్ల సంఘం పెద్ద గోవిందన్న కంపెనీమీద దావా వేశాడు. ఆయన నిరుడు పోయాడు, దావా కూడా ఆయనతోనే పోయిందనుకున్నారు. పోలేదు, గెలిచింది. మగ్గాలు నేతవాళ్లవే. నాదని చెప్పినవాళ్లకు వాళ్ల మగ్గం అప్పగించాలని, ఎవరూ నాదని చెప్పనిది కంపెనీ అప్పుల కింద వేలం వేయాలని తీర్పు.

కాగితానికి అప్పటి అర్జీ నకలు కుట్టి ఉంది. కంపెనీ చేతిలోంచి మా మగ్గాలు మాకు ఇప్పించేందుకు ఒక రిసీవరును వేయండి మహాప్రభో అని వేడుకున్న ఆ అర్జీ అడుగున, బజారిదే మొదటి వేలిముద్ర.