పన్నెండు గాజులు

"రేపు పొద్దున ఎనిమిది గంటలకల్లా ఆ గాజులు తీసి రావాలె. లేకుంటే అసలే రావద్దు."

కొత్త సూపరింటెండెంటు రాందాస్ ఈ మాట అనేటప్పటికి సుక్కి మూడో మంచం మీద దుర్గయ్య తాతను ఎడమ పక్కకు తిప్పుతోంది. తల ఎత్తలేదు. తాత వీపు వెనక దిండు సర్దింది. మోచేతి కింద ఉన్న తెల్ల గాజుల్లో ఒకదాన్ని మోచేయి దాటించి పైకి ఎక్కించింది. అప్పుడు అంది.

"తియ్య."

రాందాస్‌కు తన చెవుల మీదే నమ్మకం కలగలేదు. కోదాడలో హైవే పక్కనున్న ఆ వృద్ధాశ్రమానికి ఆయన సూర్యాపేట నుంచి వచ్చి పదిరోజులే అయింది. వచ్చిననాడే గోడకు నోటీసు అంటించాడు: నర్సులు, ఆయాలు చేతులకు గాజులు వేసుకోరాదు. నర్సు రూతమ్మ తన రెండు గాజులూ ఆ నిమిషమే తీసేసింది. సుక్కికి చదువు రాదు కనుక చదివి వినిపించారు. విన్నది, బకెట్ అందుకుని పోయింది.

"ముసలోళ్ల తోలు ఉల్లిపొర లెక్క ఉంటది. గాజు గీసుకుంటే ఏమైతది?" అన్నాడు రాందాస్.

"నేను పట్టేది అరచేతులతోటి సారూ, గాజులతోటి కాదు. ఏడేండ్ల సంది చేస్తున్న. గీసుకున్నోళ్లు ఒక్కరుంటే సూపెట్టుండ్రి."

"మరెందుకీ మొండితనం? మీ తండా ఆచారమా ఏంది?"

"ఆచారం కాదు సారూ, గుర్తు. గీడున్నోళ్లు ఎవరూ లేవలేరు. రెండు గంటలకోపారి అందర్ని పక్కకు తిప్పాలె, లేకుంటే వీపులు పుండ్లు పడ్తయ్. పన్నెండు మంది, పన్నెండు గాజులు. ఒకర్ని తిప్పితే ఒక గాజు పైకి. నడుమల ఒకరు కక్కుకుంటరు, ఒకరు పక్క తడుపుకుంటరు, నేను ఉరకాలె. ఏడ ఆపిన్నో ఈ గాజులే జెప్తయ్."

రాందాస్ పకపకా నవ్వాడు. "గోడకు చార్టు పెట్టిన గద! పెన్సిల్‌తోటి గీత గీస్తే ఖతం."

"చేతులనిండ పీతి ఉంటే పెన్సిల్ ఎట్ల పడ్తరు సారూ?"

ఆ చార్టు మీద గీతలన్నీ సాయంత్రం ఒక్కసారే పడతాయని రూతమ్మకు తెలుసు, గీసేది ఆమే కనుక. పక్క మంచం దగ్గర మందుల డబ్బా సర్దుకుంది.

రాందాస్ గొంతు కాస్త తగ్గించాడు. "సూడు సుక్కీ. ఇద్దరు ఆయాలు ఈ పనితోని పడలేక పోయిండ్రు. ముగ్గురి చాకిరీ ఒక్కదానివే చేస్తున్నవ్. వంటింట్లకు పో. అదే జీతం, గాజులూ ఉంచుకో. సుఖంగ ఉంటది."

"సుఖం కావాలంటే ఆళ్లతోనే పోదును గదా సారూ! ఈ ఏడేండ్లల్ల గీడ ఒక్క వీపు పుండు పడలె. కూర వండితే నాకు గా తృప్తి అస్తదా?"

మంచం మీంచి దుర్గయ్య తాత చెయ్యి ఎత్తాడు. ఆయనకు చూపు ఆనదు. "సారూ, ఆ గాజుల సప్పుడు తియ్యకుండ్రి. అది ఇనవడితెనే నా వంతు ఒచ్చిందని నాకెరుక."

రాందాస్ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "ఎనిమిది గంటలకు," అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఎనిమిదికి పది నిమిషాలు ముందే సుక్కి ఆఫీసు గదిలో నిలబడింది. చేతికి పన్నెండు గాజులూ ఉన్నాయి. రాందాస్ ఆమె పేరు కొట్టేయడానికి రిజిస్టరు తెరిచి, కలం మూత తీశాడు.

గుమ్మంలో ఉన్న రూతమ్మకు మనసు ఆగలేదు. సుక్కి పోతే ఆ పన్నెండు మంది గతి ఏమిటో ఆమెకు తెలుసు. గబగబా ముందుకొచ్చింది.

"సార్, అది మొండిది, నోరిప్పి చెప్తలేదు. వాళ్లల్ల పెనిమిటి ఉన్నన్నాళ్లు ఆ గాజులు తియ్యగూడదు సార్. పెద్ద అపశకునం."

రాందాస్ రిజిస్టరులోకి చూశాడు. 'సుక్కి, భర్త గోప్యా' అని స్పష్టంగా రాసి ఉంది. కలం ఆగిపోయింది.

"గా ముక్క నిన్ననే చెప్తే అయిపోతుండె గద! ఆచారమంటే నేను కాదంటనా? గుర్తులు, గిర్తులు అని కథలు పడితివి."

సుక్కి ఏదో అనబోయింది. అంతలో వార్డులో గోడ గడియారం ఎనిమిది కొట్టింది. మొదటి మంచం నుంచి మళ్లీ తిప్పే వేళ. నోరు మూసుకుంది.

ఆయన నోటీసు అడుగున స్వయంగా రాశాడు: 'ఆచారం దృష్ట్యా సుక్కికి మినహాయింపు.' కలం మూత పెడుతూ నవ్వాడు. "ఇంటికి పోతే మీ ఆయనకు నా దండం చెప్పు. ఆయన పుణ్యాననే నీ నౌకరి నిలిచింది."

"చెప్త సారూ," అని సుక్కి వార్డులోకి నడిచింది.

ఆ శనివారం మేళ్లచెరువు బస్సెక్కి తండా దగ్గర దిగింది. సిమెంటు లారీల దుమ్ములోంచి నడిచి వస్తుంటే, బోరింగు దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లు మాటలు ఆపి ఆమె చేతికేసి చూశారు. సుక్కి కొంగు కప్పుకోలేదు. చెయ్యి ఇంకాస్త ఊపుతూ నడిచింది. గోప్యా మేనత్త జమ్లీ బిందె దించి దారికి అడ్డంగా నిలబడింది.

"ఇంకా తియ్యవా అవి?"

"తియ్య," అంది సుక్కి.

గోప్యా చనిపోయి అప్పటికి తొమ్మిదేళ్లు.