వాడరేవులో విజిలాయన

"ఆ పిల్లను వెనక్కి పిలవండి! వెనక్కి!"

విజిల్ ఊదుకుంటూ వచ్చిన ముసలాయన అరుపుకి జ్యోతిక బెదిరి తల్లి వెనక దాక్కుంది.

బ్రహ్మానికి ఒళ్ళు మండింది.

"మోకాళ్ళ దాక నీళ్ళల్ల ఆడుకుంటే నీకేమైందయ్యా?"

"అక్కడ గుంట ఉంది. కాళ్ళ కింద ఇసుక లాగేస్తది."

అనేసి ముసలాయన ఇంకో గుంపు మీదికి విజిల్ ఊదుతూ వెళ్ళిపోయాడు.

బ్రహ్మానిది పోచంపల్లి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం, ఎల్బీనగర్‌లో కాపురం. చీరాలలో నేతచీరల బేరం ఉండి బయల్దేరుతూ, సకల జనుల సమ్మెకు బడులెట్లాగూ బందే కదా అని భార్య రజితనూ, కూతురు జ్యోతికనూ వెంట తెచ్చాడు.

రెండు రోజులు సముద్రం చూపించి వెళ్దామనుకున్నాడు.

ఈలోపు హైదరాబాద్ బస్సులు ఆగిపోయాయి. తర్వాత రైళ్ళూ ఆగాయి.

వాడరేవు ఒడ్డున అమ్మాజీ అనే ఆవిడ ఇంటి మేడ మీద గది కిరాయికి తీసుకుని ఉండిపోయారు.

మొదట్లో అంతా సంబరమే. తెల్లారేసరికి పడవలు, తడి వలలు, చేపల బేరాలు. ఆదివారమైతే ఇసుక కనపడనంత జనం. గుర్రాలు, ఫోటోలవాళ్ళు, వేయించిన రొయ్యల వాసన.

సోమవారానికి ఖాళీ సీసాలు, కుక్కలు, పీతలు మిగిలేవి.

ఉతికిన బట్టలు ఆరేవి కావు. అన్నంలో ఇసుక. తల దువ్వితే ఉప్పు.

"గీ మోటరు ఎప్పుడు బందయితదో!" అనేది రజిత, సముద్రం హోరు వింటూ నిద్ర పట్టక.

జ్యోతికకు మాత్రం సముద్రం మీద మోజు తీరలేదు. ముసలాయనా వదల్లేదు. ఆయన పేరు గోపయ్యట. ఎవరూ పెట్టిన ఉద్యోగం కాదు. పొద్దుగూకేదాకా ఒడ్డున తిరగడం, నీళ్ళలో దిగినవాళ్ళను బయటికి తరమడం. అంతే.

ఒకరోజు బ్రహ్మం దగ్గరికొచ్చి అడిగాడు.

"ఏ ఊరు మీది?"

"ఎల్బీనగర్."

గోపయ్య మొహం నల్లబడింది. జ్యోతిక వైపు చూశాడు.

"వెళ్ళిపోండి. మీ ఊరు వెళ్ళిపోండి. పిల్లను తీసుకుని ఇక్కడ ఉండకండి."

బ్రహ్మానికి టీవీలో రోజూ చూస్తున్న గొడవంతా కళ్ళ ముందు తిరిగింది.

"మా ఊరి పేరెత్తంగనే గంత కడుపుమంటనా? సముద్రం గూడ మీ జాగీరేనా?"

బ్రహ్మం గోపయ్య మెడలోంచి విజిల్ లాగి నీళ్ళలోకి విసిరేశాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మర్నాడు పొద్దున బ్రహ్మం ఒడ్డున నిలబడి ఫోన్లో బస్సుల సంగతి కనుక్కుంటున్నాడు. రజిత మేడ మీద బట్టలు ఆరేస్తోంది.

దూరంగా గోపయ్య చేతులూపుతూ అరుస్తున్నాడు. ఆ హోరులో ఎవరికీ వినపడలేదు.

బ్రహ్మం తల తిప్పేసరికి నీళ్ళ మీద జ్యోతిక జుట్టు ఒక్కటే కనిపిస్తోంది.

గోపయ్య అప్పటికే నీళ్ళలోకి ఉరికాడు. పిల్ల జుట్టు దొరకబుచ్చుకుని, ఉన్న బలమంతా పెట్టి ఒడ్డు వైపు తోశాడు.

అల జ్యోతికను తెచ్చి బ్రహ్మం చేతుల్లో పడేసింది.

పిల్ల దగ్గింది, కక్కింది, ఏడ్చింది.

బ్రహ్మం తలెత్తి చూశాడు. నీళ్ళ మీద ఎవరూ లేరు.

పడవలవాళ్ళు వెతికి తెచ్చేసరికి గోపయ్యలో ప్రాణం లేదు.

"మీ ఊరోడేనండీ," అంది అమ్మాజీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఎల్బీనగరే. ఎన్నాళ్ళ నుంచో ఇక్కడే ఉండి మా యాస పట్టేశాడు. ఎందుకుండిపోయాడో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం ఫోన్ నంబరు మాత్రం నా దగ్గరుంచాడు."

బ్రహ్మం ఆ నంబరు తీసుకుని ఫోన్ చేశాడు.

దవాఖానలో పోలీసుల పని అయ్యాక అంబులెన్సు మాట్లాడి, శవంతో పాటు ముగ్గురూ ఎక్కారు.

నల్గొండ దాటాక సమ్మెవాళ్ళు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. జై తెలంగాణ నినాదాలు. ఒక పెద్దమనిషి వచ్చి అద్దంలోంచి తొంగి చూశాడు.

"ఎవరు?"

బ్రహ్మం కిందికి దిగాడు.

"మనాయనే. ఎల్బీనగర్."

నినాదాలు ఆగాయి. ఉడుకుతున్న గిన్నెలు పక్కకు దించి, పొయ్యిలు జరిపి దారిచ్చారు.

ఎల్బీనగర్‌లో గోపయ్య ఇల్లు బ్రహ్మం ఇంటికి రెండు గల్లీల అవతలే ఉంది. గోపయ్య భార్య అండాలమ్మ గుమ్మంలోనే కూచుని ఉంది. గట్టిగా ఏడవలేదు. భర్త తల దగ్గర చేరి, జుట్టులో ఇసుకను వేళ్ళతో దులుపుతూ ఉండిపోయింది.

కాసేపటికి జ్యోతికను చూసింది.

"గీ బిడ్డనేనా?"

బ్రహ్మం చేతులు జోడించాడు.

"అవునమ్మా. నీ పెనిమిటి గట్ల ఈతగాడు గాబట్టే నా బిడ్డ బతికింది."

అండాలమ్మ చెయ్యి ఆగిపోయింది. బిత్తరపోయి భర్త మొహంలోకి చూసింది.

"ఈతనా? ఆయనకు ఈతొస్తే, మా బిడ్డ సంతోషి గా వాడరేవు నీళ్ళల్ల మునుగుతుంటే ఒడ్డు మీద నిలబడి చూస్తుండెనా కొడుకా?"