దీవి మాటలు

అమెరికాలో మేముండే ఈ ప్లేనో ఊరు మొత్తానికి, స్పెయిన్ వైపు మాట్లాడే కాటలాన్ భాష యాసలతో సహా తెలిసిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఉత్తదే లెండి, ఒక్క ముక్కా రాదు. పక్కింటి మార్గలిదా గారు ఇంగ్లీషులో చెబితే మా కోడలు విద్య తెలుగులో చెప్పాలి.

ఒకరోజు ఆవిడ తన మనవరాలి నోట్‌బుక్ పట్టుకొచ్చారు.

“ఈవిడది మయోర్కా దీవి, పాపకి కాటలాన్ నేర్పే టీచరుది బార్సిలోనా అట మావయ్యా. బామ్మ నేర్పిన దీవి మాటలన్నీ తప్పులని ఎర్రగా కొట్టేసిందట. పాప ఇప్పుడు బామ్మతో ఇంగ్లీషే మాట్లాడుతోందట.”

“ఆ టీచరమ్మకి గోడకుర్చీ వేయించాలని చెప్పు.”

విద్య చెప్పలేదు. “ఆదివారం మీరు చెప్పే తెలుగు క్లాసులో మన మాయ రాసిన శ్రీకాకుళం మాటలు మీరూ కొట్టేశారు. అవి మా అమ్మ నేర్పినవి. ఇప్పుడు ఫోనిస్తే అమ్మమ్మకి హాయ్ చెప్పి ఇచ్చేస్తోంది.”

“తప్పయిందమ్మా,” అన్నాను.

ఆ మాటా ఉత్తదే లెండి, నేననలేదు. ఆవేళ కాఫీ వంక పెట్టుకుని లోపలికి పోయాను.