బంద్ రోజున బూజు

చెయ్యాల్సిన పనులు నాలుగు. బూజు ఎండిపోకుండా తడపాలి. బాక్టీరియా సీసాలు ఊపాలి. ఆ రెండూ ఒకదానికొకటి తగలకుండా చూడాలి. బొగ్గుముక్క మీద నల్లచుక్క కనబడితే రాసుకోవాలి. “ఆకాశం విరిగిపడినా సరే” అన్నారు సత్యారావు పీహెచ్‌డీ గైడు సాన్యాల్ గారు.

ఆకాశం విరిగిపడలేదు. కలకత్తా బంద్ వచ్చింది.

హౌరా వైపు టికియాపారాలోని ఇంట్లో సత్యారావు పొద్దున్నే చెప్పులేసుకుంటుంటే తల్లి నారాయణమ్మ అడ్డుపడింది.

“బస్సుల్లేవు, ట్రాముల్లేవు. ఎక్కడికిరా ఎల్డం?”

“బూజుకి నీళ్ళు పొయ్యాలమ్మా.”

“పచ్చడికి బూజు పడితే మేం పారేస్తాం. నువ్వు ఎమ్మెస్సీ సదివి దానికి నీళ్ళు పోస్తావేట్రా?”

వాళ్ళింట్లో కాలేజీ గుమ్మం తొక్కినవాడు అతనొక్కడే. ఆ బూజు లిగ్నైట్‌ని, అంటే గోధుమరంగు బొగ్గుని, కరిగించి నల్లటి పాకంలా చేస్తుందని ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నాడు. అది ఎండిపోతే అతని డాక్టరేట్ కూడా ఎండిపోతుంది. హౌరా బ్రిడ్జి నడిచే దాటాడు.

ల్యాబు గేటుకి తాళం. గేటు ముందు జనం. మధ్యలో ఎర్రజెండా పట్టుకుని ఒక పెద్దమనిషి.

“కామ్రేడ్…” అన్నాడు సత్యారావు. ఆయన్ని అలా పిలవడానికి నాలుక తిరగలేదు. “పావుగంట లోపలికి వదలండి. బూజు ఎండిపోతుంది.”

“బంద్ అంటే బంద్. మనిషైనా బూజైనా ఇవాళ పని ఆపాల్సిందే.”

“అది ఆపదండీ. దానికి యూనియన్ లేదు.”

“అయితే పెట్టిద్దాం.”

“సాన్యాల్ సారు నన్ను చంపేస్తారండీ!”

వెనకున్నవాళ్ళు గొల్లున నవ్వారు.

“చంపడు. రేపు పొద్దున్న అరుస్తాడు, అంతే. ఆయన సంగతి నాకు బాగా తెలుసు” అన్నాడు జెండా ఆయన.

సత్యారావుకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. జెండా ఆయన ఒక క్షణం తటపటాయించి, ఎటో చూస్తూ గట్టిగా అన్నాడు.

“టీ కొట్టు వెనక ల్యాబు గోడ కూలిపోయింది. అక్కడ కాపలాకి మనవాళ్ళెవరూ లేరు, ఏం చేస్తాం! సరే, అందరూ రోడ్డువైపు తిరగండి. నినాదాలు!”

లోపల తెల్లటి బూజు ఇంకా బతికే ఉంది. దాని మీదున్న బొగ్గుముక్కకి చెమట పట్టింది. నల్లగా, నిగనిగలాడే చుక్కలు! సత్యారావు ఒక్క గంతేశాడు. గబగబా పనులు ముగించుకుని, కూలిన గోడ మీద నిలబడి, నల్లబడ్డ వేలు పైకెత్తి చూపించాడు.

“ధరల పెంపు…” అని అందుకున్న జెండా ఆయన, తల తిప్పి ఆ వేలు చూసి, “జిందాబాద్!” అని కేక పెట్టాడు.

జనం కూడా ఆలోచించకుండా “జిందాబాద్!” అన్నారు.

బూజు బొగ్గుని కరిగించిన ముచ్చట మీద ఆ తర్వాత అచ్చయిన వ్యాసం ఎప్పుడైనా మీ కంటబడితే, సత్యారావు పేరుకి ముందున్న సాన్యాల్ గారి పేరుని కాస్త గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డది ఆయనే.