మూడొందల గడియారం

రేపు రిటైరయ్యే కస్టమ్స్ అధికారి బల్ల మీదికి ఆఖరి పార్సిల్ వచ్చింది. పక్షపాతం రాకూడదని, చిరునామా మీద కాగితం కప్పి చూడటం ఆయన పద్ధతి.

‘చేతిగడియారం, ఖరీదు మూడు వందలు’ అని పైన రాసి ఉంది. విదేశీ గడియారం మూడు వందలకు ఎవడిస్తాడు? ముంజేతి కంకణానికి అద్దమెందుకని, లోపలి బిల్లు తీయకుండానే ఖరీదు తొమ్మిది వేలని దిద్దాడు. దానికి తగ్గ పన్ను వేసి, చీటీ మీద సంతకం పెట్టాడు.

మూడో రోజు భార్య ఆ పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“మీ రిటైర్మెంటుకని ఆన్‌లైన్లో తెప్పించాను. అసలు కంటే కొసరెక్కువైంది. పన్నెంత పడిందో తెలుసా?”

“తెలుసు,” అన్నాడాయన.

“చీటీ మీద సంతకం నాకూ తెలుసు. అందుకే కొరియర్ అతనితో పేచీ పెట్టుకోకుండా కట్టేశాను.”

“నిజం చెప్పు. ఎంతకి కొన్నావు?”

“మూడొందలే. కొట్టు మూసేస్తూ ఉన్నదంతా తెగనమ్ముకున్నాడు. బిల్లు లోపలే ఉంది, చూసుకోండి.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని పెట్టె విప్పాడు. గడియారం పక్కన పెట్టి, బిల్లు రెండుసార్లు చదివాడు.

ముప్పై ఏళ్లలో ఎన్ని పార్సిళ్ల ధర దిద్దాడో లెక్కలేదు గానీ, బిల్లు చదవడం అదే మొదలు.