ఎడమ దిక్కు స్టీరింగు

కాకి దిగడం లేదు.

విస్తట్లో అన్నం పెట్టి చాలాసేపయింది. బోధన్ కాలువ గట్టు మీద, చనిపోయిన రాజమల్లు చుట్టాలంతా ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. పిట్ట ముట్టందే ఇంటికి పోరాదు. ఇంటికి పోనిదే ఎవరి నోట్లోనూ మెతుకు పడదు. తుమ్మకొమ్మ మీది కాకి మాత్రం, వీళ్లెవరో తనకు తెలియనట్టు, ముక్కు కొమ్మకు రాసుకుంటూ కూర్చుంది.

"ఫ్యాక్టరీ కాడ చక్కెర మడ్డి మరిగిన కాకులు నర్సన్నా. గీ ఉత్త అన్నం ఏం ముడ్తయి?" అన్నాడు రాజమల్లు తమ్ముడు లింగం.

"నోర్ముయ్యి. అది కాకి గాదు, మీ అన్న," అన్నాడు కులపెద్ద నర్సన్న. "ఏదో కోరిక మిగిలింది. అడుగుండ్రి."

అడిగారు. "చెరుకుతోట గట్టు నీ దిక్కు జరుప అన్నా," అని లింగం ఒట్టేశాడు. కాకి తల తిప్పుకుంది. "పిల్లగాని సదువు మానిపియ్య," అంది భార్య శంకరమ్మ. కాకి రెక్క దులుపుకుంది.

శంకరమ్మ మెల్లగా మొగుడి స్నేహితుడు ఆత్మారాం వైపు తిరిగింది. "అన్నా, మోటరు ముచ్చటే అయ్యుంటది."

ఆత్మారాంకూ పొద్దుటి నుంచి అదే అనుమానం.

మోటరంటే జానెడు బొమ్మ. ఆత్మారాం, రాజమల్లు ఇద్దరూ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్లు. బొంబాయి చోర్‌బజార్‌లో రెండు పెట్టెలు కొన్నారు. రెండింట్లోనూ పాతకాలం ఫోర్డు కారు ముక్కలు, అతికించి బొమ్మ చేసుకునేవి. అమెరికా పెట్టెలో పై డొప్ప ఉంది గాని లోపలి సామాను లేదు. ఇంగ్లండు పెట్టెలో సీట్లు, చక్రాలు, ఇంజను ఉన్నాయి గాని డొప్ప లేదు. రెండూ కలిపి ఒక్క కారు చేశారు. తలుపు పిడి దాకా అన్నీ కుదిరాయి, స్టీరింగు తప్ప. అమెరికా డొప్ప కాబట్టి ఎడమ వైపే ఉండాలని రాజమల్లు పట్టు. మన రోడ్ల మీద కుడి వైపే ఉండాలని ఆత్మారాం పంతం. మాటలు కూడా బందయ్యాయి. రాజమల్లు దవాఖానాలో పడ్డాక ఆత్మారాం చల్లగా కుడి వైపు అతికించేశాడు.

"తీస్కస్త," అని ఆత్మారాం సైకిలెక్కాడు.

రుమాల్లో చుట్టి తెచ్చిన కారును విస్తరి పక్కన పెట్టాడు. అంత ఆకలిలోనూ జనం ముందుకు వంగారు. "అబ్బ, అద్దం తుడ్సే పుల్లలు సుత పెట్టిండ్రు!" అన్నారెవరో.

ఆత్మారాం కాకికి దండం పెట్టాడు. "అరే రాజమల్లూ, జర సోచాయించు. ఎడమ దిక్కు కూసుంటె ఎదురొచ్చే చెరుకు లారీ కనబడ్తదారా?"

కాకి కదల్లేదు.

"పోనీ, నడుమ పెడ్తా?"

కాకి కావుమంది. ఆ అరుపు ఆత్మారాంకు బాగా తెలిసిన అరుపే.

"ముసలోళ్లు కండ్లు తిరిగి పడేటట్టున్నరే," అన్నాడు లింగం.

"సరే, నువ్వే గెల్చినవ్ పో!" ఆత్మారాం జేబులోంచి బ్లేడు తీశాడు. అంత ముచ్చటగా అతికించిన స్టీరింగును పెకలిస్తుంటే తన పన్ను తనే పీక్కున్నట్టుంది. ఎడమ వైపు గమ్ము పూసి నిలబెట్టాడు.

కాకి అప్పటికీ కదల్లేదు.

"గమ్ము ఆరనియ్యిరా," అన్నాడు నర్సన్న, కార్లన్నీ తనే చేసినట్టు.

ఆత్మారాం ఆగలేకపోయాడు. గట్టు మీద కూలబడి భోరుమన్నాడు. "వానికి నా మీద గుస్స పోలేదు. సచ్చినంక సుత నాతోని మాట్లాడుతలేడు!"

అంత మనిషి అట్లా ఏడుస్తుంటే శంకరమ్మ చూడలేకపోయింది. దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఏడ్వకన్నా. నీకొక మాట చెప్పలే. పాణం పోయే ముంగట నా చెయ్యి పట్టుకొని అన్నడు, ఆత్మారాం చెప్పిందే కరెక్టు, కుడి దిక్కే ఉండాలె అని. 'నేను బతికుండంగ గీ మాట వానికి చెప్పకు, నెత్తికెక్కి కూసుంటడు' అన్నడు."

ఆత్మారాం ఏడుపు టక్కున ఆగిపోయింది. ముఖం వెలిగింది.

"నాకెరుకే! గందుకే దిగుతలేడు! నేను ఎడమకు పెడ్తి గద!"

ఇంకా ఆరని స్టీరింగును ఊడబీకి, వేలికొసన పట్టుకుని కాకికి చూపించాడు. "ఇగో దోస్తూ, నువ్వన్నట్టే. కుడికే పెడ్తున్న!"

కాకి దిగింది. ఒక కాలు అన్నంలో వేసి తొక్కింది, రెండో కాలితో ఆత్మారాం వేలిని రక్కింది, స్టీరింగును ముక్కున కరుచుకుని కాలువ దాటి ఎడమకు తిరిగి పోయింది.

"ముట్టింది! ముట్టింది! నడువుండ్రి!" అన్నాడు నర్సన్న. జనం ఇంటి దారి పట్టారు.

ఆత్మారాం నెత్తురు కారుతున్న వేలిని రుమాలుతో చుట్టుకుంటూ నిలబడ్డాడు. "గంత కోపమెందుకు చెల్లె? వాడన్నట్టే చేస్తుంటి గద?"

శంకరమ్మ కాకి పోయిన దిక్కుకు తిరిగి గబగబా చెంపలేసుకుంది.

"తప్పైందయ్యా! నువ్వు అనని మాట అన్నవని ఇంకెన్నడు చెప్ప!"